సామ్రాజ్యం రాసిన చీటీలు

1995 జూన్‌లో నన్ను నందిగామ నుంచి జగ్గయ్యపేట శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. అప్పటికి నేను మూడో గ్రేడు గ్రంథాలయాధికారిని. ఆ గ్రేడు వాళ్ళకి ఒక చిన్న శాఖ, ఒక అటెండరు, ఒక తాళాల గుత్తి అప్పగిస్తారు. పైన రెండో గ్రేడు, మొదటి గ్రేడు, ఆ పైన జిల్లా కార్యాలయం. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పని. శుక్రవారం సెలవు. మధ్యలో ఐదు గంటలు ఖాళీయే గాని, నందిగామలో ఇంటికి వెళ్ళి మళ్ళీ రావడం కుదిరేది కాదు. క్యారియర్ తెచ్చుకుని అక్కడే ఉండిపోయేదాన్ని.

గ్రంథాలయం ఒక అద్దె ఇంట్లో రెండు గదులు. ముందు గదిలో దినపత్రికలు, వాటి చుట్టూ మగవాళ్ళు. వెనక గదిలో బీరువాలు. ఆడవాళ్ళు తక్కువగా వచ్చేవారు. వచ్చినవాళ్ళు కూడా కూర్చునేవాళ్ళు కాదు. నిలబడే పుస్తకం మార్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. సభ్యత్వానికి హామీదారు సంతకం ఒకటి ఉండాలి. పుస్తకం తిరిగి రాకపోతే ఆ హామీదారే జవాబుదారీ. సంతకం పెట్టాక సభ్యుడి పేరున రెండు టికెట్లు ఇస్తాం; టికెట్టుకొక పుస్తకం. ఆడవాళ్ళ దరఖాస్తుల్లో హామీదారుగా భర్తో తండ్రో అన్నో ఉండేవాడు. ఎన్నో దరఖాస్తులు తీసుకున్నాను గాని, ఆ సంగతి మీద నేను పెద్దగా ఆలోచించలేదు.

ఏటా ఒకసారి స్టాక్ వెరిఫికేషన్ ఉంటుంది. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక వరుస సంఖ్య వేసి రిజిస్టరులో ఎక్కిస్తాం. ఆ రిజిస్టరు దగ్గర పెట్టుకుని, బీరువాలోని పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి, సంఖ్య సరిచూసి, చిరిగినవి, పేజీలు పోయినవి పక్కన పెడతాం. 1996 ఎండాకాలం మొదట్లో పాత కథల బీరువా దగ్గరికి వచ్చాను. అవి ఏడెనిమిది దశాబ్దాల కిందటి కథల సంపుటాలు. మళ్ళీ అచ్చయినవి కొన్ని, మొదటి అచ్చువే అట్టలు మార్చి కుట్టించినవి కొన్ని. కాలేజీ రోజుల్లో నేను వాటిని చదివి ఏడ్చిన మనిషిని.

ఒక సంపుటంలో ఒక కథ చివర, అచ్చు అయిపోయిన చోట, పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు కనిపించాయి. ఆ కథలో చిన్న వయసులోనే భర్త పోయిన అమ్మాయి ఒకతన్ని నమ్మి ఇల్లు వదులుతుంది. అతను మాట తప్పుతాడు. ఆమె కాలవలో దూకుతుంది. కింద ఇలా రాసి ఉంది: "ఈవిడకి కుట్టు వచ్చని ముందే రాశారు. బెజవాడ వెళ్ళి కుట్టుకుని బతికేది. కాలవ దాకా ఎందుకు?"

ఇంకొక కథలో భర్తతో పొసగక ఒంటరిగా ఉండిపోయిన ఇల్లాలు క్షయతో చనిపోతుంది. దాని కింద: "జబ్బు ఎప్పుడొచ్చింది? రెండు పేజీల కిందట బాగానే ఉంది. ఇల్లు వదిలాకే వచ్చింది." మరొక చోట: "మొగుడు మారడం కన్నా ఈవిడ చావడం తేలికనుకున్నాడు రాసినాయన."

వెరిఫికేషన్ ఆపేసి ఆ బీరువాలో పుస్తకాలన్నీ తిరగేశాను. తొమ్మిది సంపుటాల్లో ఉంది ఆ చేతిరాత. ప్రేమించినందుకో, తన ఇష్టం తనకుందని చెప్పినందుకో ఆడమనిషి చనిపోయిన కథల కిందే ఉంది. మిగతా కథల జోలికి పోలేదు. ఆ కథల్ని తెలుగు ఎమ్మేలో రెండేళ్ళు చదివాను. కథానాయిక చనిపోవడం తప్పనిసరా అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

అయితే పుస్తకం మీద రాయడం మా నిబంధనల్లో నష్టపరచడమే. సభ్యత్వం రద్దు చేయవచ్చు. అప్పటికే సుబ్బారావు మాస్టారు ఒక ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు. ఆయన రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు, మాకు రోజువారీ పాఠకుడు. "ఎవరో కథల కింద మార్కులు వేస్తున్నారమ్మా. నేను నలభై ఏళ్ళు మార్కులేసినవాణ్ణి, నాకే విసుగొచ్చింది," అని కాగితం చేతిలో పెట్టి వెళ్ళారు.

ఎవరు రాశారో పట్టుకోవడం కష్టం కాలేదు. ప్రతి పుస్తకం లోపలి అట్టకి తేదీల స్లిప్పు ఒకటి అతికించి ఉంటుంది. ఆ తేదీలను ఇష్యూ రిజిస్టరుతో పోల్చుకుంటూ పోతే తొమ్మిదింటిలోనూ పడిన పేరు ఒకటే. పోలు సామ్రాజ్యం, చిల్లకల్లు. హామీదారు: పోలు వెంకటేశ్వర్లు, భర్త అన్నగారు.

ఆమె నాకు తెలుసు. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. వారానికొకసారి చిల్లకల్లు నుంచి ఆటోలో పేటకి వచ్చి, జాకెట్లకి లైనింగు గుడ్డ, దారపు రీళ్ళు కొనుక్కుని, వెళ్ళేముందు పుస్తకం మార్చుకునేది. భర్త లారీ డ్రైవరు, ఆరేళ్ళ కిందట లారీ బోల్తా పడి చనిపోయాడు. పిల్లలు లేరు. బావగారి ఇంట్లోనే ఉంటూ కుట్టుపని చేసుకునేది.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు వెనక గదిలోకి పిలిచి పుస్తకం తెరిచి చూపించాను. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"నేనేనండి. పెన్సిలే కదా అని రాసా. చెరిపేయమంటే చెరిపేస్తా."

"ఎందుకు రాశారు?"

"చదివాక ఊరుకోలేకపోయానండి. ఇంట్లో ఎవరికన్నా చెబుదామంటే వాళ్ళు చదవరు. ఆ రాసినాయనకే చెప్పినట్టుంటదని రాసా."

రద్దు చేయవలసిన సభ్యత్వ కార్డు నా ముందున్న ట్రేలో ఉంది. నేను రద్దు చేయలేదు. గడువు తేదీలు నిండిపోయిన పాత స్లిప్పులు మా దగ్గర కట్టలుగా పడి ఉంటాయి, వెనక వైపు తెల్లగా. ఒక కట్ట ఆమెకిచ్చి, ఏం రాయాలన్నా వీటి మీద రాసి పుస్తకంతో పాటు నాకివ్వమన్నాను. పుస్తకాల మీద రాసినదంతా మూడు మధ్యాహ్నాలు కూర్చుని నేనూ అటెండరూ రబ్బరుతో చెరిపాం. నకలు రాసుకోవాలన్న తెలివి నాకప్పుడు లేదు. పైన చెప్పినవి జ్ఞాపకం ఉన్న మూడు మాత్రమే.

అప్పటి నుంచి వారం వారం చీటీలు వచ్చేవి. వాటి కోసం నేను ఎదురు చూసేదాన్ని. నేనే కాదు. ఫిర్యాదు ఏమైందని అడగడానికొచ్చిన సుబ్బారావు మాస్టారికి ఒకసారి చీటీ చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తర్వాతి వారం నుంచి వస్తూనే, "చీటీ ఏమన్నా వచ్చిందామ్మా?" అనేవారు. ఒక కథ విషయంలో ఆయనకి ఆమెతో కుదరలేదు. భర్తకి ఉత్తరం రాసిపెట్టి చనిపోయిన ఇల్లాలి కథ అది. మాస్టారు తన అభిప్రాయాన్ని ఒక చీటీ మీద రాసి ఆమెకివ్వమన్నారు: "ఆ రోజుల్లో ఆడది చస్తే గాని చదివేవాళ్ళలో చలనం ఉండేది కాదు. రచయిత ఆమెను చంపలేదమ్మా, నిద్రపోతున్న మమ్మల్ని లేపాడు."

జవాబు వారానికి వచ్చింది: "మాస్టారికి నమస్కారం. మిమ్మల్ని లేపడానికి మేం చావాలా అండి?"

మాస్టారు దాన్ని జేబులో పెట్టుకుని, ఆ రోజు పేపరు చదవకుండానే ఇంటికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ కథ గురించి ఎత్తలేదు.

1997 ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం సామ్రాజ్యం పుస్తకం వేరే చేతుల మీదుగా వచ్చింది. తెచ్చినామె ఆమె తోడికోడలు పద్మ, వెంకటేశ్వర్లు భార్య. పుస్తకంలో చీటీ లేదు. పేజీలన్నీ దులిపి చూశాను.

"ఇక ఆమె రాదండి. మా ఆయన కార్డు తీసేయించమన్నారు," అంది పద్మ.

సభ్యత్వం తీసేయడానికి పద్ధతి ఉంది. రెండు టికెట్లూ తిరిగి ఇవ్వాలి, ముగింపు ఫారం మీద సభ్యురాలే సంతకం పెట్టాలి. హామీదారు కూడా ఆమె బదులు పెట్టడానికి లేదు. ఆ మాటే పద్మతో చెప్పాను. ఆమె కాసేపు గుమ్మంలో నిలబడి, ముందు గదిలో మగవాళ్ళ వంక చూసి, గొంతు తగ్గించింది.

"అయితే మీరే రండి మేడంగారు. మధ్యాహ్నం రండి, ఆయన పొలంలో ఉంటారు. నాలుగు రోజుల్నుంచి అన్నం తినట్లేదండి ఆ పిల్ల."

మర్నాడు ఉదయం పని ముగించి, ఫారం సంచిలో పెట్టుకుని చిల్లకల్లు ఆటో ఎక్కాను. వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పద్మ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి, నీళ్ళిచ్చి, తను బయట కాయలు తిరగేస్తూ కాపలా ఉంది. సామ్రాజ్యం మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కిటికీ కింద నేల మీద నాలుగు గుంటలు పడి ఉన్నాయి, అక్కడ చాలా ఏళ్ళు ఏదో బరువైనది ఉన్నట్టు. తర్వాత చెప్పింది, కుట్టుమిషను అక్కడుండేదని.

జరిగినదంతా ఆమె నెమ్మదిగా చెప్పింది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర దేవదానం అని ఒక గుమస్తా ఉన్నాడు. ఆమె భర్త చనిపోయినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాల పనులన్నీ చేసిపెట్టింది అతనే. అతనికి భార్య పోయి నాలుగేళ్ళు. పేటలో దారాల కొట్టు దగ్గర కనబడినప్పుడు మాట్లాడుకునేవారు. పెళ్ళి చేసుకుందామా అని మొదట అడిగింది ఆమే.

"ఆయన కథలు చదవడండి. నేను చెబితే వింటాడు. మధ్యలో లేచిపోడు."

నాకివ్వకుండా ఆమె తన దగ్గరే కట్ట కట్టి దాచుకున్న చీటీల్లో ఒకటి బావగారి కంటబడింది. భర్త పోయినామె మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన కథకి వచ్చిన నష్టమేమీ లేదని అందులో ఉంది. ఆయన నిలదీసి అడిగితే దేవదానం పేరు చెప్పేసింది. వెంకటేశ్వర్లు కొట్టలేదు, తిట్టలేదు. చెడ్డవాడు కాదాయన. తమ్ముడి భార్య తమ్ముడి ఇంట్లోనే ఉండాలి, పైగా మనవాడు కాని క్రైస్తవుడింటికి పోవడమేమిటన్నది ఆయన పట్టుదల. మిషను ఎత్తించి ధాన్యం కొట్లో పెట్టి తాళం వేశాడు. పేటకి వెళ్ళవద్దన్నాడు.

"నిన్నటి పుస్తకంలో చీటీ పెట్టలేదేం?" అన్నాను.

"ఏం రాయాలో తోచలేదండి. అందులో ఆమె గన్నేరుపప్పు తింటది. అన్ని కథలకీ ఏదో ఒకటి రాసేదాన్ని, కుట్టు వచ్చు కదా, చదువు వచ్చు కదా అని. ఇప్పుడు తెలిసిందండి. వాళ్ళకి కుట్టు రాక కాదు. మిషను తీసేసుకుని ఉంటారు."

నేను సంచిలోంచి ఫారం బయటికి తీశాను. ఆమే మళ్ళీ అంది, మామూలు గొంతుతో: "మా పెరట్లో కూడా ఉందండి గన్నేరు చెట్టు. రెండు రోజులు దాని వంకే చూస్తా కూర్చున్నా."

ఆ క్షణంలో నాకు భయం వేసిందని ఒప్పుకోవాలి. ధైర్యం చెప్పడం నాకు చేతకాలేదు. మా శాఖలో అలాంటి శిక్షణ లేదు. చేతిలో ఉన్నది ఫారం. దాన్నే ఆమె ముందు పెట్టి, వచ్చిన పని చెప్పాను. కార్డు తీసేయాలంటే నువ్వు ఇక్కడ సంతకం పెట్టాలి, ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు అన్నాను. అప్పటిదాకా ఆమెను మీరు అనేదాన్ని. ఎప్పుడు నువ్వు అన్నానో నాకే తెలియలేదు.

ఆమె ఫారం పైనుంచి కిందికి చదివింది.

"బావగారు పెడితే చెల్లదా అండి?"

"చెల్లదు."

"కార్డు నా పేరునే ఉందా?"

"నీ పేరునే ఉంది."

"అయితే తీసేయను," అని ఫారం నా చేతికిచ్చింది. తర్వాత పద్మను పిలిచి, "అక్కా, అన్నం పెట్టు," అంది. నేను ఆమె తినే దాకా కూర్చున్నాను. పద్మ పచ్చడి వేస్తూ కళ్ళు తుడుచుకుంది. కాయల ఘాటు అంది. తినడం అయ్యాక ఇద్దరం సామ్రాజ్యానికి చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి ఆ చెట్టు కాయలన్నీ కోసి మురుగ్గుంటలో పారేశాం. పెద్ద ఉపయోగం ఏమీ ఉండదని తెలుసు. అయినా చేశాం.

పది రోజుల తర్వాత సామ్రాజ్యం పట్టపగలే బట్టల సంచితో ఆటో ఎక్కి జగ్గయ్యపేట వచ్చేసింది. ధాన్యం కొట్టు తాళం తీసింది పద్మ. మిషను ట్రాక్టరులో ఎక్కించి వెనకాలే పంపింది కూడా పద్మే. ఇంట్లో ఆమె ఏం జవాబు చెప్పుకుందో నాకు తెలియదు. సుబ్బారావు మాస్టారి ఇంటి వెనక ఖాళీగా ఉన్న గదిలో సామ్రాజ్యం దిగింది. ఆ గది సంగతి మాస్టారే అడగకుండా చెప్పారు.

నెల తిరగకుండా నా మీద జిల్లా కార్యాలయానికి పిటిషన్ వెళ్ళింది. గ్రంథాలయాధికారి చెడ్డ పుస్తకాలిచ్చి మా ఇంటి ఆడదాని మనసు పాడు చేసింది, ఇంటికొచ్చి రెచ్చగొట్టింది, తన మతం వాడికి కట్టబెడుతోంది అని. నేను క్రైస్తవురాలినే. మా నాన్న నందిగామ దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ టీచరుగా చేశాడు. దేవదానాన్ని అప్పటికి నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆ మూడో మాట ఊళ్ళో ఎంత తేలికగా అంటుకుంటుందో నాకు తెలుసు. మా ఆయన, "నీకెందుకొచ్చిన గొడవ, సెలవు పెట్టు," అన్నాడు. సెలవు పెడితే ఒప్పుకున్నట్టవుతుందని పెట్టలేదు.

ఇలాంటి పిటిషన్ వస్తే ముందు మెమో ఇస్తారు. ఏడు రోజుల్లో సంజాయిషీ రాయాలి. ఆమెకి ఇచ్చిన పుస్తకాల జాబితా సంఖ్యలతో సహా రాశాను. అన్నీ శాఖ కొని పంపినవే. ఇంటికి ఎందుకు వెళ్ళానంటే ముగింపు ఫారం మీద సంతకానికి. సంతకం పెట్టనన్న ఫారం జతపరిచాను. దేవదానం విషయం ఏమీ రాయలేదు. మెమోలో అడగలేదు.

విచారణకి ఒక అధికారి వచ్చారు. మితభాషి. రిజిస్టర్లు చూసి, చీటీలు ఏవని అడిగారు. నా దగ్గరున్నవన్నీ బల్ల మీద పెట్టాను. ఆయన దాదాపు గంటసేపు అవే చదివారు. మధ్యలో ఒకసారి లేచి బీరువా తీసి, ఒక సంపుటం తెచ్చుకుని కథతో పోల్చి చూసుకున్నారు. ఫిర్యాదీగా ఒకప్పుడు కాగితం ఇచ్చిన సుబ్బారావు మాస్టారిని పిలిస్తే, ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని, పుస్తకాలు ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయని చెప్పారు. చివరికి అధికారి అన్న మాట నాకు బాగా గుర్తు: "రిజిస్టరులో ఎక్కని కాగితం గ్రంథాలయం ఆస్తి కాదమ్మా. ఇవి ఎవరు రాశారో వాళ్ళకిచ్చేయండి." ఇక మీదట సభ్యుల ఇళ్ళకి అటెండరును పంపమని నోటిమాటగా హెచ్చరించి ఫైలు మూసేశారు.

చీటీలు సామ్రాజ్యానికి ఇచ్చేశాను. పెళ్ళి జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఇద్దరూ మతం మారకుండా చేసుకునే పెళ్ళికి ముందు నోటీసు ఇవ్వాలి. ముప్పై రోజులు అది బోర్డు మీద ఉంటుంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. వెంకటేశ్వర్లు రెండుసార్లు వచ్చి ఆ నోటీసు చదివి వెళ్ళాడట. అభ్యంతరం రాయలేదు. ముగ్గురు సాక్షులు కావాలి. నేను, దేవదానం అక్క, సుబ్బారావు మాస్టారు సంతకాలు పెట్టాం. మాస్టారు ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకుని అందరికన్నా ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

2002లో రెండో గ్రేడు ఇచ్చి నన్ను మళ్ళీ నందిగామ పంపారు. అప్పటికి సామ్రాజ్యం మూడు మిషన్లు పెట్టి ఇద్దరు ఆడపిల్లలకి పని నేర్పుతోంది. దేవదానం సాయంత్రం ముక్త్యాల నుంచి వచ్చాక కాజాలు, గుండీలు కుట్టేవాడు. కథలు వింటూ కుట్టేవాడని ఆమె నవ్వుతూ చెప్పేది.

2006లో దేవదానం గుండెపోటుతో పోయాడు. కబురు తెలిసి నందిగామ నుంచి వెళ్ళాను. సమాధి దగ్గర జనానికి దూరంగా, చెప్పులు విడిచి, వెంకటేశ్వర్లు నిలబడి ఉన్నాడు. పక్కన పద్మ. అందరూ వెళ్ళాక ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని, తల వంచుకునే అన్నాడు: "ఒక్కదానివి ఇక్కడేం ఉంటావమ్మా. మన ఇంటికి వచ్చేయ్."

సామ్రాజ్యం ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగే దాకా ఆగింది.

"వస్తా బావగారు, పండగలకి వస్తా. అక్కని చూడటానికి వస్తా. ఉండటం మాత్రం ఇక్కడేనండి."

ఆయన గ్లాసు కింద పెట్టి, "సరేలే. మిరపకాయలు పంపుతా," అని లేచాడు. ఆ ఏడాది నుంచి పంపుతూనే ఉన్నాడని విన్నాను.

నేను 2009లో రిటైరయ్యాను. ఈ వ్యవహారం నాకు ఉద్యోగంలో నేర్పినది ఒకటే. ఆడమనిషి కార్డు మూసేయమని ఇంకెవరైనా వచ్చి అడిగితే, ఆమెను కళ్ళారా చూసి, ఆమె నోటితో వినే దాకా నేను మూసేదాన్ని కాదు. అధికారి అటెండరును పంపమన్నారు. తర్వాత పన్నెండేళ్ళలో అలా పదకొండుసార్లు అడిగారు. పదకొండుసార్లూ నేనే వెళ్ళాను. తొమ్మిదిమంది నిజంగానే ఊరు మారుతున్నవాళ్ళు. మిగతా ఇద్దరు సంతకం పెట్టలేదు.